పాటను బొమ్మగా మార్చినవాడు: జన్‌గఢ్ సింగ్ శ్యామ్



ఈ సంచికకు మన సంఘం తరఫున ఒక మహనీయుని జీవితం రాయాలనుకున్నప్పుడు మాకు మొదట గుర్తుకొచ్చింది మా భోపాల్ ప్రయాణం. కాగజ్‌నగర్‌లో రైలెక్కి, బల్లార్షా, నాగపూర్ మీదుగా వెళ్లాం. మాలో గోండులు, కొలాములు, ప్రధాన్‌లు, తోటివాళ్లు అందరూ ఉన్నారు. చూడాలనుకున్నది ఒక్కటే, భారత్ భవన్. అక్కడ మన ఆదివాసుల బొమ్మలు దేశంలోని పెద్ద పెద్ద చిత్రకారుల బొమ్మల పక్కన ఉంటాయని ఏళ్లుగా వింటూ వచ్చాం.

భారత్ భవన్ భోపాల్ పెద్ద చెరువు గట్టున ఉంది. రోడ్డు మీద నుంచి చూస్తే పెద్ద భవనమేదీ కనిపించదు. వాలు నేల మీద మెట్లు దిగుతూ పోవాలి. దిగేకొద్దీ ఒక్కో వాకిలి, ఆ వాకిలి చుట్టూ గదులు. కట్టడం రూపకర్త చార్లెస్ కొరియా. 1982 ఫిబ్రవరిలో అప్పటి ప్రధాని ఇందిరా గాంధీ దీన్ని ప్రారంభించారు. ఇందులో నాటకానికి, కవిత్వానికి, సంగీతానికి వేర్వేరు విభాగాలున్నాయి. బొమ్మలకూ శిల్పాలకూ ఉన్న విభాగం పేరు రూపంకర్.

ఆ గదుల్లో ఒక బొమ్మ ముందు మేమంతా ఆగిపోయాం. ఒక జింక. దాని కొమ్ములు పైకి పోతూ పోతూ చెట్టు కొమ్మలైపోయాయి. ఒళ్లంతా చుక్కలు, సన్నని గీతలు. మాతో వచ్చిన కిక్రి వాయించే పెద్దాయన దాని కింద ఉన్న పేరు చదివి చెప్పమన్నారు. చదివాం. మరోసారి చదవమన్నారు. మళ్లీ చదివాం. జన్‌గఢ్ సింగ్ శ్యామ్. ఆయనా మన ప్రధాన్ మనిషే అని చెప్పాం. పెద్దాయన చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు.

ఆయన ఎందుకు కదల్లేదో మాకు తెలుసు. మన డోలు, మన కిక్రి, మన గుస్సాడి టోపీ అద్దాల పెట్టెల్లో కనబడినప్పుడు చాలాచోట్ల వాటి పక్కన తెగ పేరు ఉంటుంది, చేసినవారి పేరు ఉండదు. ఇక్కడ పేరుంది. ఆ పేరు అక్కడికి ఎలా చేరిందో, ఆ మనిషి ఏమయ్యాడో మన పిల్లలకు తెలియాలనే ఈ వ్యాసం.

పుట్టిన ఊరు, పుట్టిన కులవృత్తి

జన్‌గఢ్ 1960ల తొలినాళ్లలో మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ అనే పల్లెలో పుట్టారు. అప్పట్లో అది మండ్లా జిల్లా, ఇప్పుడు డిండోరి జిల్లా. మైకల్ కొండల అంచున, నర్మద పుట్టిన అమర్‌కంటక్‌కు అంత దూరం కాని ఊరు. ఆయన పుట్టినప్పుడు ఊళ్లో జనగణన జరుగుతోందని, అందుకే ఆ పేరు వచ్చిందని చెబుతారు. జనాన్ని లెక్కపెట్టే కాగితాల్లో ఒక అంకెగా చేరిన పిల్లవాడి పేరే తర్వాత లోకం పలికిందన్నమాట.

ఆయన పుట్టిన పర్ధాన్ తెగ మనకు కొత్త కాదు. మన ఆదిలాబాద్ వైపు ప్రధాన్‌లంటాం. గోండులకు వీరు వంశాల కథలు పాడేవారు. మన దగ్గర పెర్సాపేన్ పూజ నాడు ప్రధాన్ వచ్చి కిక్రి మీద కథ ఎత్తుకోనిదే పూజ నిండదు. మండ్లా వైపు ఆ వాయిద్యం పేరు బానా. అక్కడ బడాదేవ్ సాజా చెట్టులో ఉంటాడని నమ్మకం. సాజా అంటే మన నల్లమద్దే. పర్ధాన్ బానా వాయిస్తే దేవుడు మేలుకుంటాడు. పాటకు బదులుగా గోండు దాతలు ధాన్యం, బట్ట, పశువు ఇచ్చేవారు. పాడేవాడి కడుపు, పాడించుకునేవాడి ఇల్లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండేవి.

జన్‌గఢ్ పుట్టేనాటికి ఆ ముడి వదులైపోయింది. గోండు దాతల చేతుల్లోనే భూమి, అడవి మిగల్లేదు. ఇక పాడేవారికి ఇచ్చేదేముంది? బానా పట్టిన చేతులు కూలికి పోయాయి. జన్‌గఢ్ ఇల్లూ అలాంటిదే. పేదరికం వల్ల బడి మధ్యలోనే ఆగిపోయింది. పిల్లవాడు గేదెలు కాశాడు. పదహారేళ్లకే సోన్‌పూర్ గ్రామానికి చెందిన నన్‌కుసియాతో పెళ్లయింది.

పాటన్‌గఢ్‌కు అంతకుముందే బయటివారి రాకపోకలుండేవి. ఆదివాసుల గురించి ఎన్నో పుస్తకాలు రాసిన వెరియర్ ఎల్విన్ 1940లలో ఆ ఊళ్లో కాపురమున్నారు. అదే కాలంలో మన మర్లవాయిలో హైమండార్ఫ్ ఉన్నారు. ఇద్దరూ మన పాటలు, కథలు, ఆచారాలు రాసుకున్నారు. ఆ మేలు మనం మరువం. కానీ ఆ పుస్తకాల్లో మనం ఎక్కువగా ఒక తెగగానే కనబడతాం. ఒక్కొక్క మనిషిగా, ఒక్కొక్క కళాకారుడిగా కనబడటానికి ఇంకా నలభై ఏళ్లు పట్టింది.

గోడ మీది బొమ్మ

పాటన్‌గఢ్ ఆడవాళ్లు పండుగకూ పెళ్లికీ ఇంటి నేల మీద, గోడల మీద ముగ్గులాంటి గీతలు వేస్తారు. దాన్ని డిగ్నా అంటారు. తెల్లమట్టి, ఎర్రమట్టి, పసుపుపచ్చ మట్టి, పేడ, ఆకు పసరు, ఇవే రంగులు. మట్టితో గోడ మీద ఉబ్బెత్తుగా జంతువుల బొమ్మలు చేయడమూ ఉంది. జన్‌గఢ్ ఇవన్నీ చూస్తూ పెరిగారు. చేయి ఊరుకోక తానూ గోడల మీద వేసేవారు.

1981 సంగతి. భారత్ భవన్ ఇంకా కడుతున్నారు. రూపంకర్ బాధ్యత చిత్రకారుడు జగదీశ్ స్వామినాథన్‌కు అప్పగించారు. ఆయన ఆలోచన ఆ రోజుల్లో చాలామందికి వింతగా తోచింది. ఢిల్లీ, బొంబాయి చిత్రకారుల బొమ్మలతోనే గ్యాలరీ నింపితే సరిపోదన్నారు. పల్లెల్లో, అడవుల్లో నేడు బతికి ఉన్న కళాకారులూ ఈ కాలపు మనుషులే, వాళ్ల పనీ ఈ కాలపు పనే అన్నది ఆయన వాదన. ఆదివాసి కళను పాత వస్తువుల పెట్టెలో పెట్టకూడదు, నగర కళకు సమానంగా పక్క గదిలో ఉంచాలి. అందుకోసం కళా విద్యార్థులను జట్లుగా చేసి మధ్యప్రదేశ్ పల్లెలకు పంపారు.

అలా వెళ్లిన ఒక జట్టు పాటన్‌గఢ్ చేరింది. ఒక ఇంటి గోడ మీద వాళ్లకు హనుమంతుడి బొమ్మ కనిపించింది. ఎవరు వేశారని అడిగితే ఇరవై ఏళ్లయినా నిండీ నిండని కుర్రవాణ్ణి చూపించారు. కాగితం, రంగులు ఇచ్చి వేయమన్నారు. ఆ బొమ్మలు స్వామినాథన్ చేతికి చేరాయి. కుర్రవాణ్ణి భోపాల్‌కు పిలిపించారు.

ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. జన్‌గఢ్ తన బొమ్మలు పట్టుకుని గ్యాలరీ తలుపు తట్టలేదు. గ్యాలరీయే ఆయన గుమ్మానికి వచ్చింది. ఎవరు వేశారని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే ఆ హనుమంతుడు తర్వాతి వానాకాలానికి గోడతో పాటు కరిగిపోయేవాడు.

భోపాల్‌లో

భోపాల్‌లో జన్‌గఢ్‌కు మొదటిసారి సీసాల్లో పోసిన పోస్టర్ రంగులు దొరికాయి. అంతవరకు మట్టి రంగులే తెలిసిన మనిషి. ఆ నీలాలు, ఆ ఎరుపులు, ఆ పచ్చలు కుంచెకు అంటుకున్నప్పుడు ఒళ్లు జలదరించిందని తర్వాత చెప్పుకున్నారు. 1982లో భారత్ భవన్ తెరిచినప్పుడు గోడల మీద ఆయన బొమ్మలున్నాయి. ఏడాది క్రితం గేదెలు కాసిన కుర్రవాడి పని, దేశం పేరెరిగిన చిత్రకారుల పని, ఒకే కప్పు కింద.

భారత్ భవన్ గ్రాఫిక్ విభాగంలో ఆయనకు ఉద్యోగం ఇచ్చారు. రాతి అచ్చు, తెర అచ్చు వంటి పనులు నేర్చుకున్నారు. నలుపు తెలుపుల్లో సిరాతో గీయడం ఆయనకు ఎంత ఇష్టమో ఆ రోజుల బొమ్మలు చెబుతాయి. నెల జీతం ఉంది. భార్యను తెచ్చుకుని భోపాల్‌లో కాపురం పెట్టారు.

ఆయన వేసినవేమిటి? ఎక్కువగా దేవతలు. బడాదేవ్, ఠాకుర్‌దేవ్, మరాహీ దేవి, ఫుల్వారీ దేవి. మన దేవుళ్లకు విగ్రహాలుండవని మనకు తెలుసు. మన పెర్సాపేన్ అంటే బల్లెం మొన, చౌరం. నల్లమద్ది కింద రాయి పెట్టి మొక్కితే అదే దేవుడు. దేవుడి రూపం పాటలో ఉంటుంది, కంటికి కనబడదు. జన్‌గఢ్ ఆ పాటలు వింటూ పెరిగిన పర్ధాన్. పాటలో తనకు తోచిన రూపాన్ని కాగితం మీద పెట్టారు. అంతకుముందు ఎవరూ చూడని ముఖాలవి. పాడే దాత లేక ఆగిపోయిన పాట ఆయన చేతిలో మరో దారి పట్టింది.

దేవతలతో పాటు జింకలు, పులులు, పాములు, పక్షులు, సాలీళ్లు, చెట్లు వచ్చాయి. ఒక్కోసారి విమానం కూడా. ఊరిని చూసిన కన్నుతోనే పట్నాన్నీ చూశారు. బొమ్మ లోపల ఖాళీ ఉంచకుండా చుక్కలతో, చిన్న గీతలతో నింపడం ఆయన పద్ధతి. ఆ చుక్కలు చూస్తే మన అవ్వల చేతుల మీది పచ్చబొట్లు గుర్తొస్తాయి. దూరం నుంచి చూస్తే ఆ చుక్కలన్నీ కదులుతున్నట్టుంటాయి.

ఇది పాత సంప్రదాయమని, తరతరాలుగా గోండులు ఇలాగే వేస్తారని ఈరోజు చాలామంది అనుకుంటారు. నిజానికి కాగితం మీద, గుడ్డ మీద ఈ తీరున వేయడం ఒక మనిషితో మొదలైంది. వెనక ఉన్న కథలు, దేవతలు, డిగ్నా గీతలు తెగవి. వాటిని కలిపి కొత్త బొమ్మ చేసింది జన్‌గఢ్. అందుకే తెలిసినవాళ్లు దీన్ని గోండు కళ అని ఊరుకోరు, జన్‌గఢ్ కలం అంటారు.

పేరు, ఇల్లు, బంధువులు

1986లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆయనకు శిఖర్ సమ్మాన్ ఇచ్చింది. అప్పటికి ఆయన వయసు పాతికకు అటూ ఇటూ. 1989లో పారిస్‌లో ప్రపంచం నలుమూలల కళాకారులతో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఆయన పేరు చేరింది. చార్లెస్ కొరియాయే రూపొందించిన భోపాల్ కొత్త శాసనసభ భవనం గోడల మీద కూడా బొమ్మలు వేశారు. చట్టాలు చేసే ఇంటి గోడ మీద ఒక పర్ధాన్ కుర్రవాడి చేతి గీత ఉండటం చిన్న సంగతి కాదు. 1998లో ఢిల్లీ క్రాఫ్ట్స్ మ్యూజియంలో జ్యోతీంద్ర జైన్ ఐదుగురు జానపద, ఆదివాసి కళాకారులను పేరుపేరునా పరిచయం చేస్తూ ప్రదర్శన పెట్టారు. వార్లీ చిత్రకారుడు జీవ్యా సోమా మశే, మిథిలా చిత్రకారిణి గంగా దేవితో పాటు జన్‌గఢ్ అందులో ఒకరు.

పేరు వచ్చాక ఆయన ఒంటరిగా పైకి పోలేదు. పాటన్‌గఢ్ నుంచి అన్నదమ్ముల పిల్లలను, బావమరుదులను, చుట్టాలను ఒక్కొక్కరినీ భోపాల్‌కు పిలిపించుకున్నారు. ఆ ఇల్లు ఎప్పుడూ నిండుగా ఉండేది. వచ్చినవాళ్లు మొదట ఆయన గీసిన బొమ్మల్లో చుక్కలు నింపేవారు. చేయి తిరిగాక నీ బొమ్మ నువ్వు వేసుకో, నీ తీరు నువ్వు వెతుక్కో అని పంపేవారు. భజ్జూ శ్యామ్ అలా వచ్చినవారే. భోపాల్‌లో రాత్రి కాపలా పనులు చేసుకుంటూ పినతండ్రి దగ్గర చేరారు. వెంకట్ రామన్ సింగ్ శ్యామ్ కూడా ఆ ఇంట్లో నేర్చుకున్నారు. బడి లేదు, ఫీజు లేదు. అన్నం పెట్టి నేర్పిన గురువు ఆయన. మన గూడేల్లో ఒకరికి ఉద్యోగమొస్తే పదిమంది వెనక వస్తారు కదా, అలాగే.

కానీ ఆయన బతుకు ఎప్పుడూ స్థిమితంగా లేదు. ఇంటి నిండా మనుషులు, చిన్న జీతం. 1990లో స్వామినాథన్ భారత్ భవన్ వదిలారు. 1994లో కన్నుమూశారు. తనను పల్లె నుంచి తీసుకొచ్చిన పెద్దదిక్కు పోయింది. బొమ్మలు కొనేవాళ్లున్నారు. ధర ఎంత అడగాలో, ఒప్పందం కాగితంలో ఏముందో చదివి చెప్పే మనిషి ఆదివాసి కళాకారుడికి ఆ రోజుల్లో దొరకడం కష్టం.

దూరదేశంలో

జపాన్‌లో నీగాటా ప్రాంతంలోని తోకామాచిలో మిథిలా మ్యూజియం అనే చోటు ఉంది. మన దేశపు జానపద, ఆదివాసి కళాకారులను పిలిపించి, అక్కడే ఉంచి, బొమ్మలు వేయించేవారు. జన్‌గఢ్ ఆ దేశానికి అంతకుముందు కూడా వెళ్లి వచ్చారు. 1988లో పుట్టిన కూతురికి జపానీ అని పేరు పెట్టుకున్నారు.

2001లో మళ్లీ వెళ్లారు. ఉండవలసిన గడువు పెరిగిందని, ఇంటికి రావాలని ఆయన ఆరాటపడ్డారని, ఆ సంగతి ఉత్తరాల్లో రాశారని అప్పట్లో పత్రికలు రాశాయి. 2001 జూలైలో ఆయన అక్కడే ప్రాణం తీసుకున్నారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు అటూ ఇటూ. ఊరికి, భాషకు, పిల్లలకు అంత దూరాన, మంచు కురిసే కొండల నడుమ.

దేశంలోని కళాకారులు, రచయితలు కదిలిపోయారు. ఏం జరిగిందో విచారించాలని అడిగారు. ఇన్నేళ్ల తర్వాత మేము ఎవరి మీదా తీర్పు చెప్పబోవడం లేదు. మనిషి మనసులో ఏముందో మనిషికే తెలుసు. కానీ ఒక్క మాట చెప్పకుండా ఈ జీవితం ముగించలేం. ఆయన బొమ్మలు అప్పటికే గ్యాలరీల్లో చక్కగా, వానకు తడవకుండా, చెదలు పట్టకుండా భద్రంగా ఉన్నాయి. వాటిని వేసిన చేతికి మాత్రం ఆ భద్రత లేదు. బొమ్మను కాపాడే ఏర్పాటు లోకానికి తెలుసు. బొమ్మ వేసే మనిషిని కాపాడే ఏర్పాటు ఇంకా నేర్చుకోవలసి ఉంది.

ఆయన తర్వాత

జన్‌గఢ్ పోయారు గాని కలం ఆగలేదు. భార్య నన్‌కుసియా కుంచె పట్టారు. కూతురు జపానీ, కొడుకు మయంక్ ఇద్దరూ చిత్రకారులయ్యారు, ఇద్దరిదీ వేర్వేరు తీరు. భజ్జూ శ్యామ్ లండన్ వెళ్లి ఆ నగరాన్ని ఒక అడవిలా చూసి బొమ్మలు వేస్తే అది పుస్తకంగా వచ్చి ఎన్నో భాషలకు చేరింది. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2022లో దుర్గాబాయి వ్యామ్‌కు వచ్చింది. పాటన్‌గఢ్‌లో నేడు ఇంటింటా బొమ్మలు వేసేవారున్నారు. దాతలు లేక ఆగిపోయిన పర్ధాన్‌ల బతుకుకు ఒక మనిషి వేసిన దారి అది.

మా తిరుగు ప్రయాణం

ఆ రోజు సాయంత్రం భారత్ భవన్ మెట్ల మీద చెరువు వైపు చూస్తూ కూర్చున్నాం. పెద్దాయన సంచిలోంచి కిక్రి తీసి కాసేపు వాయించారు. పక్కనున్న కాలేజీ పిల్లలు వచ్చి చుట్టూ కూర్చున్నారు. వాయించింది ఎవరని మమ్మల్ని అడిగారు. మేం ఆయన పేరు, ఊరు చెప్పాం. ఆ ప్రశ్న మాకు చాలా సంతోషమిచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో మాలో మేము కొన్ని మాటలు అనుకున్నాం. వాటిని ఈ సంచిక ద్వారా అందరి ముందు పెడుతున్నాం.

ఒకటి, మన జాతరల్లో, సభల్లో, ప్రదర్శనల్లో వాయించినవారి, చేసినవారి, వేసినవారి పేరు, ఊరు తప్పకుండా రాయాలి. కేస్లాపూర్ నాగోబా జాతర ఫొటో పెట్టినా, సీతంపేట కొండల్లో సవరలు గోడ మీద వేసిన బొమ్మ ఫొటో పెట్టినా, కింద మనిషి పేరుండాలి. తెగ పేరు దాని పక్కన ఉండాలి గాని దాని బదులు ఉండకూడదు.

రెండు, మన కళాకారులెవరైనా దూరప్రాంతానికి పనికి వెళ్తుంటే ఒప్పందం కాగితం సంఘంలో చదువుకున్నవారు ముందుగా చదివి, వారి భాషలో చెప్పాలి. ఎన్ని రోజులు, ఎంత డబ్బు, తిరుగు టికెట్ ఎవరి చేతిలో ఉంటుంది, ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవి తేలకుండా ఎవరినీ ఒంటరిగా రైలు ఎక్కించకూడదు.

మూడు, మన పిల్లలను జోడేఘాట్ మ్యూజియానికి, హైదరాబాద్ గిరిజన మ్యూజియానికి, వీలైతే భోపాల్‌కు తీసుకెళ్లాలి. ఊరికే చూసి రావడం కాదు. ఎవరు చేశారని అడగడం నేర్పాలి. 1981లో పాటన్‌గఢ్ గోడ ముందు నిలబడి ఎవరో అడిగిన ప్రశ్న అదే.

మన గూడేల్లో ఇంకా ఎందరో జన్‌గఢ్‌లున్నారు. ఎవరి చేతిలో కిక్రి ఉందో, ఎవరి గోడ మీద బొమ్మ ఉందో మనకు తెలుసు. బయటివారు వచ్చి కనిపెట్టేదాకా ఆగనక్కర్లేదు. వాళ్ల పేరు మనమే రాద్దాం, వాళ్ల బాగు మనమే చూద్దాం.

పాటన్‌గఢ్ బిడ్డ జన్‌గఢ్ సింగ్ శ్యామ్‌కు మన సంఘం తరఫున జోహార్లు. జై సేవా.